అక్కనిచ్చి ఆపిన నెత్తురు

చిన్నపిల్లల పెదవి చిట్లడం పెద్ద వింతేమీ కాదు. పాకే వయసులో గడప తగలని మూతి ఈ లోకంలో ఉండదు. పదినెలల చైతు కూడా సోమవారం పొద్దున నాచారంలో తాత ఇంట్లో గడప మీద బోర్లా పడ్డాడు. పై పెదవి లోపల, చిగుళ్ళకు అంటుకుని ఉండే సన్నటి తోలు చిట్లింది. ఏడ్చాడు, తల్లి పాలు తాగాడు, సంగతి మరిచిపోయి మళ్ళీ ఆ గడప వైపే పాకాడు. వాడు మరిచిపోయాడు గానీ నెత్తురు మరిచిపోలేదు.

మంగళవారం పొద్దున ఉప్పలయ్య డ్యూటీకి పోదామని టిఫిన్ డబ్బా సర్దుకుంటూ మనవడి వైపు చూశాడు. చూసి, డబ్బా చేతిలో ఉండగానే కొయ్యబారిపోయాడు. దిండు మీద అరచెయ్యంత మరక. పిల్లాడి మూతి చుట్టూ నల్లగా అట్టకట్టినట్టే కట్టి, దాని కిందనుంచి మళ్ళీ ఎర్రగా ఊరుతోంది. ధార కాదు. చూస్తూ ఉంటే ఆగినట్టే ఉంటుంది, తుడిస్తే మళ్ళీ వస్తుంది.

"నిన్న పొద్దుగాల పడ్డడు గదా నాయినా, ఇంక కారుడేంది?" అంది కూతురు గౌతమి. రాత్రంతా నిద్ర లేని మొహం. "ఐస్ వెట్టిన, పసుపు వెట్టిన. ఆగుతనే లేదు."

ఉప్పలయ్య డబ్బా కింద పెట్టాడు. పిల్లాడి అంగీ పైకెత్తి చూశాడు. చంకల కింద, ఎత్తుకునేటప్పుడు మన వేళ్ళు పడే చోట, నేరేడుపండు రంగులో మచ్చలు. మోకాళ్ళ మీద అవే మచ్చలు.

"గివి ఎప్పటిసంది ఉన్నయ్ బిడ్డా?"

"పాకుడు షురూ జేసినకాంచి. తెల్లపిల్లగాడు గదా, జల్ది కమిలిపోతడు అనుకున్న."

ఆ మచ్చలు ఆయనకు తెలుసు. ఆ ఊట తెలుసు. నిద్ర లేచేసరికి నోట్లో నిండిపోయి ఉండే ఇనుప రుచి కూడా తెలుసు. కానీ ఆ జబ్బుకు ఆ ఇంట్లో పేరు లేదు, దాని మాట ఎత్తడానికి వీల్లేదు. నలభై ఏళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. "ఆటో మాట్లాడుకొస్త, పిలగాన్ని వట్టుకో" అని మాత్రం అని, చెప్పులు వేసుకోవడం మరిచి వీధిలోకి పోయాడు.

ఆ పేరు లేని జబ్బు కథ ఇదీ. ఉప్పలయ్యది పాలమూరు దిక్కు పల్లె. చిన్నప్పుడు వాడికి పన్ను ఊడితే వారం రోజులు నెత్తురు. మోకాలు కొట్టుకుంటే కీలు గుమ్మడికాయంత వాచేది, నెల రోజులు మంచం. వాడి చేతికి కొడవలి కాదు కదా తుమ్మముల్లు కూడా తగలనిచ్చేవాళ్ళు కాదు. వైద్యులయ్యారు, తాయెత్తులయ్యాయి, కోళ్ళూ మేకలూ అయ్యాయి. వాడికి పదేళ్ళప్పుడు ముక్కునుంచి మొదలైన నెత్తురు ఎంతకీ ఆగక, ఇక పిల్లవాడు దక్కడన్న రోజున తల్లి పోయి ఎల్లమ్మ గుడి ముందు కొంగు పరిచింది. "కొడుకును నాకియ్యి, బిడ్డను నీకిస్త" అంది. బిడ్డ అంటే ఉప్పలయ్య అక్క సాలమ్మ. మొక్కు మొక్కినట్టే తీర్చారు. సాలమ్మకు పసుపు రాసి, గుడి ముందు ముగ్గుల పట్నం వేసి, దేవత పేరున తాళి కట్టించి జోగినిని చేశారు. దేవతకిచ్చామన్నారు గానీ, తర్వాత ఆ పిల్ల గుడిసె గడప తొక్కినవాళ్ళలో దేవత ఒక్కతే లేదు.

ఉప్పలయ్యకు మాత్రం తగ్గింది. మీసాలు మొలిచే ఈడుకు, ఎవరో చేత్తో తీసేసినట్టు తగ్గింది. తగ్గాక తల్లి ఇంటిల్లిపాదికీ ఒక కట్టడి పెట్టింది. ఎల్లమ్మ తీసుకుపోయిన జబ్బును మనిషి మళ్ళీ పేరుపెట్టి పిలవకూడదు, పిలిస్తే దానికి ఇంటి దారి గుర్తొస్తుంది. ఆ తల్లి చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. కట్టడి చావలేదు. చచ్చిపోయిన భార్యకు గానీ, కన్న కూతురికి గానీ ఉప్పలయ్య ఆ ముక్క చెప్పలేదు. గౌతమికి తెలిసిందల్లా తన మేనత్త ఒకప్పుడు జోగిని అనీ, నాన్న ఆమెను ఊరినుంచి తీసుకొచ్చేశాడనీ. ఎందుకు జోగిని అయిందో తెలియదు. పేదింటి పిల్ల, ఆ రోజులు అలాంటివి అనుకుంది.

ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేతు మిషన్ మీద పని చేస్తాడు. ఇనుప పెచ్చు ఎగిరొచ్చి రోజుకోసారైనా చెయ్యి కోసుకుంటుంది. నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ పనిలో పడతాడు. అలా కోసుకున్న ప్రతిసారీ అక్క గుర్తొస్తుంది. నెత్తురు ఆగుతోందంటే అది అక్క ఆపుతున్నదే. ఆయన బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడింది. సాలమ్మ బతుకు కూడా దాని మీదే నిలబడింది. ఇప్పుడామె రామంతాపూర్‌లో ఒక గదిలో ఉంటూ, సాయంత్రాలు ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన మెట్రో పిల్లరు కింద పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. బండ్ల వాళ్ళతో మాటకు మాట అంటుంది, ఎవరికీ వెరవదు. పక్కన మిర్చిబజ్జీల ఆమె "నీకెవరున్నరక్కా" అని అడిగితే ఒక్కటే చెబుతుంది. "నాకు తమ్ముడున్నడు. వాని పానం నేనిచ్చిందే."

ఉప్పల్లో పిల్లల దవాఖానాలో డాక్టరమ్మ విజయశ్రీ పిల్లాణ్ణి చూసింది. గుంటూరు వైపు మనిషి, నెమ్మదైన మాట. పెదవి చూసింది, మచ్చలు చూసింది, పుట్టినప్పటి కాగితాలున్నాయా అంది. గౌతమి సంచిలోంచి తీసిచ్చింది.

"పుట్టినప్పుడు మడమకు సూది గుచ్చిన చోట రోజంతా కారిందని రాశారే. రక్తం ఆలస్యంగా గడ్డకడుతోందని కూడా ఉంది. ఆర్నెల్లకు మళ్ళీ పరీక్ష చేయించమన్నారుగా?"

"పుట్టిన పిల్లలకు గట్లనే ఉంటదన్నరు మేడం. పెరిగితె సరైతదన్నరు. మంచిగ బొద్దుగనే ఉండె, ఇగ ఎందుకులే అని..." గౌతమి పిల్లాడి మూతి మళ్ళీ తుడిచింది.

"వాళ్ళు చెప్పింది తప్పేమీ కాదమ్మా. రక్తం గడ్డకట్టడానికి లోపల కొన్ని ప్రొటీన్లుంటాయి. పుట్టినప్పుడు వాటిలో చాలావరకు పెద్దవాళ్ళకున్న దాంట్లో సగం కూడా ఉండవు. పెద్దవాళ్ళ లెక్కతో చూస్తే పుట్టిన పిల్లలందరూ జబ్బు మనుషులే. కొన్ని ఆర్నెల్లకు పెరుగుతాయి, కొన్ని ఏడాదికి, ఒకటీ అరా అయితే పదహారేళ్ళు దాటాక గానీ పెద్దవాళ్ళంత కావు. అందుకే మళ్ళీ చూడాలంటాం. చూస్తే గానీ ఇది పసితనమో జబ్బో తెలియదు." ఆమె తలెత్తి ముగ్గురి వైపూ చూసింది. ముగ్గురంటే గౌతమి, ఉప్పలయ్య, అన్నోజిగూడ టైర్ల షాపునుంచి చేతుల మసితోనే పరిగెత్తుకొచ్చిన అల్లుడు రంజిత్. "మీ ఇళ్ళల్లో ఎవరికైనా, ముఖ్యంగా తల్లి వైపు మగవాళ్ళకి, చిన్నప్పుడు ఇలా రక్తం ఆగని జబ్బు ఉందా?"

"లేదు మేడం" అంది గౌతమి వెంటనే. "మా నాయినకు చేతులు తెగినా నిమిషంల ఆగిపోతది."

ఉప్పలయ్య నోరు తెరిచాడు. చెప్పాలని ఉంది, చెబితే ఆ పేరు లేనిది దారి పట్టుకుని వస్తుందని భయం. వచ్చేసింది కదరా వెధవా, నీ మనవడి మూతి మీదే కూచుంది కదా అని ఎవరైనా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది. ఎవరూ కొట్టలేదు. ఆయనకు ఇంకో భయం కూడా ఉంది. ఆ మాట ఎత్తితే అక్క ఇచ్చిందంతా చెడిపోతుందేమో. అక్క బతుకు ఖర్చు పెట్టి తెచ్చుకున్నదాన్ని నోటి మాటతో పారబోసుకోవడమేమో. ఆయన నేల చూశాడు.

"మామా, నీకేమన్న ఎర్కనా?" అన్నాడు రంజిత్.

"నాకేమెర్క" అన్నాడు ఉప్పలయ్య.

అప్పుడే సాలమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. గౌతమి ఫోన్ చేసి ఉంటుంది. మునివేళ్ళకు జొన్నపిండి, నెత్తిన కొంగు, ఎగశ్వాస. పిల్లాణ్ణి చూసింది. మూతి మీద ఊట చూసింది. తర్వాత తమ్ముడి మొహం చూసింది. తల వంచుకున్న ఆ తీరులోనే ఆమెకు అంతా తెలిసిపోయింది.

"డాక్టరమ్మ అడిగిందా?"

ఉప్పలయ్య తల ఊపాడు.

"జెప్పినవా?"

ఆయన ఊపలేదు.

సాలమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది. "మా తమ్మునికుండె అమ్మా. గిదే. చిన్నప్పుడు గిట్లనే కారుతుండె, కీళ్ళు గిట్లనే వాస్తుండె. పెద్దగైనంక పోయింది. గీనె జెప్పడు. నేను జెప్తున్న, రాస్కో."

గౌతమి తండ్రి వైపు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఉప్పలయ్య చటుక్కున తలెత్తాడు. నలభై ఏళ్ళ కట్టడి తెంపింది, అదీ ఎవరు? దానికి వెల చెల్లించిన మనిషి. "అక్కా, ఏం జేస్తివే" అన్నాడు లోగొంతుకలో. "మళ్ళ వస్తె?"

"వస్తె నాకు రానీ" అంది సాలమ్మ. "పసిపోరడు వాడు."

పిల్లాడి రక్తం తీశారు. ఉప్పలయ్య రక్తం కూడా తీశారు. సూది గుచ్చిన చోట దూది అదిమి పట్టుకుని కూచున్నాడాయన, ఇప్పుడు ఆగదు, ఇక ఆగదు అనుకుంటూ. తీసి చూస్తే ఆగిపోయి ఉంది. ఆ చుక్కను ఆయన ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు.

సాయంత్రానికి సంగతి తేలింది. పిల్లాడి రక్తంలో గడ్డకట్టించే ప్రొటీన్లలో తొమ్మిదో నంబరుది లేదన్నా తప్పులేనంత తక్కువ. నూటికి రెండు వంతులు. డాక్టరమ్మ ఆ ప్రొటీనునే సూది మందుగా తెప్పించి ఎక్కించింది. రెండు రోజులనుంచి ఊరిన నెత్తురు, రంజిత్ కిందికెళ్ళి చాయ్ తెచ్చేలోపు నిలిచిపోయింది. గౌతమి పిల్లాడి మూతి తుడిచి, మళ్ళీ రాకపోయేసరికి, దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చింది.

ఉప్పలయ్య రక్తంలో మాత్రం అదే తొమ్మిదో నంబరు, మామూలు మనుషులకు ఉన్నంతకు దగ్గరదగ్గరగా ఉంది.

"మీకు జబ్బున్నట్టు లేదే" అంది డాక్టరమ్మ, కాగితం అటూ ఇటూ తిప్పుతూ. "పుట్టుకతో వచ్చే ఈ జబ్బు మామూలుగా పోదు. చచ్చేదాకా ఉంటుంది. మీకు చిన్నప్పుడు ఉన్నది నిజంగా ఇదేనా?"

ఉప్పలయ్య చేతులు జోడించాడు, డాక్టరమ్మకు కాదు. అక్క వైపు తిరిగి జోడించాడు. చూశారా, సైన్సు కూడా ఒప్పుకుంది. పోదన్న జబ్బు పోయింది. ఎలా పోయిందో ఈ డాక్టరమ్మ కాగితాలకు అంతుబట్టదు, ఆయనకు తెలుసు. సాలమ్మ కూడా ఆ క్షణాన కొంచెం నిటారుగా కూచుంది. ఆ గదిలో అందరికన్నా గొప్ప మనిషి తనేనని ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పనక్కర్లేదు.

డాక్టరమ్మ ఊరుకోలేదు. తాత, తల్లి, పిల్లాడు ముగ్గురి రక్తమూ జన్యు పరీక్షకు పంపింది. ఆ ఫలితం రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా చైతును నేల మీద దించలేదు. ఇంట్లో గడపలకు పాత దుప్పట్లు చుట్టారు. సాలమ్మ పొద్దున్నే రామంతాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, పొయ్యి పెట్టే వేళ దాకా వాణ్ణి చంకన వేసుకుని తిరిగేది. గౌతమి తండ్రితో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం అడిగింది. "కడుపుతోటి ఉన్నప్పుడు గూడ అడిగిన్రు నాయినా, ఇంట్ల ఎవలికన్న ఏమన్న ఉందా అని. నీ ముంగటనే అడిగిన్రు." ఆయన గడపకు చుట్టిన దుప్పటిని మళ్ళీ బిగించి కట్టాడు.

ఫలితం వచ్చిందని డాక్టరమ్మ అందరినీ రమ్మంది. మధ్యాహ్నం. ఆమె మొహంలో బరువు లేదు, పైగా వెలుగుంది. అది చూసి ఉప్పలయ్య ధైర్యంగా కూచున్నాడు. పాపం.

"మంచి మాట చెప్పడానికే పిలిచాను. ఇలాంటిది పుస్తకాల్లో చదివానే గానీ చూడటం నాకిదే మొదలు." ఆమె పిల్లాడి బుగ్గ తట్టింది. "ఇటుకలు మోసే కూలీలను చూశారుగా. వరుసగా నిలబడి ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటారు. రక్తం గడ్డకట్టే పనీ అంతే. ఈ వరుసలో తొమ్మిదో మనిషి వీడిలో పనికి రావడం లేదు. మామూలుగా ఈ జబ్బులో ఆ మనిషే ఉండడు, ఎప్పటికీ రాడు. మీ ఇంటి జబ్బు అది కాదు. మీలో మనిషి ఉన్నాడు, బాగానే ఉన్నాడు. వాణ్ణి పనికి పిలిచే గొంతు దగ్గరే లోపం. చిన్నతనంలో ఆ పిలుపు వినబడదు. మీసాలొచ్చే వయసులో ఒంట్లో ఊరే హార్మోన్లు ఉంటాయి చూడండి, అవి వచ్చి ఇంకో పక్కనుంచి పిలుస్తాయి. అప్పుడు పనిలోకి వస్తాడు. ఏడాదికేడాది పెరుగుతూ పెద్దయ్యేసరికి సరిపోయేంత అవుతుంది. మీకు జరిగింది అదే, ఉప్పలయ్యగారూ. వీడికీ అదే జరుగుతుంది. పద్నాలుగు పదిహేనేళ్ళ దాకా సూది మందుతో కాపాడుకుంటే చాలు. తర్వాత వీడు క్రికెట్ ఆడినా, మీలా లేతు నడిపినా ఏం కాదు."

గౌతమి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రంజిత్ "నిజమా మేడం, నిజమా" అని రెండుసార్లు అడిగాడు. ఉప్పలయ్య కూడా నవ్వబోయాడు. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

మీసాలొచ్చే వయసులో. హార్మోన్లు. మీకు జరిగింది అదే.

ఆ మాటలు ఒకటొకటిగా ఆయన లోపల పడ్డాయి. అక్క వైపు చూడాలంటే మెడ తిరగలేదు. అక్కకు అర్థం కాకూడదని ఎల్లమ్మకే మొక్కాడు, ఆ నిమిషంలో ఇంకెవరికి మొక్కాలో తోచక.

సాలమ్మకు అర్థమైంది. ఆమె చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు.

"డాక్టరమ్మా" అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఒక్క మాట అడుగుత. గప్పుడు మా తమ్మునికి ఎవ్వలు ఏం జెయ్యకున్నా తగ్గేదేనా?"

"తగ్గేదేనమ్మా."

"ఏం మొక్కకున్నా?"

డాక్టరమ్మ నవ్వింది. పాపం ఆమెకేం తెలుసు. "మొక్కినా మొక్కకపోయినా ఆ వయసుకు తగ్గేదే. అది ఒంట్లోనే రాసుంది. మధ్యలో ప్రమాదం జరగకుండా చూసుకోవడమే మన పని."

"మంచిది" అంది సాలమ్మ. లేచింది. చంకలో పిల్లాణ్ణి తల్లి ఒళ్ళో పెట్టింది, చాలా జాగ్రత్తగా, వేళ్ళ ముద్రలు పడకుండా. "జొన్నలు మరవట్టిచ్చేది ఉన్నది" అని చెప్పి వెళ్ళిపోయింది.

"అత్తకేమైంది నాయినా?" అంది గౌతమి.

అప్పుడు చెప్పాడు ఉప్పలయ్య. డాక్టరమ్మ ముందే, అల్లుడి ముందే, కూతురి మొహం చూడకుండా, గోడకు చెప్పినట్టు నాలుగు ముక్కల్లో చెప్పాడు. అక్కనెందుకు జోగినిగా ఇడిచారో, ఎవరికోసం ఇడిచారో. డాక్టరమ్మ చేతిలో కాగితం బల్ల మీద పెట్టి కళ్ళద్దాలు తీసేసింది. ఇందాకటి వెలుగు ఆ మొహంలో ఎక్కడా లేదు. గౌతమి మాత్రం పిల్లాణ్ణి ఇంకొంచెం దగ్గరకు లాక్కుంది, ఎవరో వచ్చి వాడికి బదులు ఇంకెవరినో అడుగుతున్నట్టు.

కాకి వాలింది, తాటిపండు పడింది, పండు పడేసింది కాకే అన్నారు. అలాంటి వెర్రి లోకంలో చాలా ఉంది. కానీ ఉప్పలయ్య దవాఖానా మెట్లు దిగుతుంటే ఇంకో సంగతి తట్టి, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. అక్కను ఇడిచింది తన పదో ఏట. నెత్తురు ఆగింది పద్నాలుగో ఏట. మరి మధ్యలో నాలుగేళ్ళు? ఆ నాలుగేళ్ళూ కారుతూనే ఉంది కదా. ఇక్కడ కాకి వాలిన నాలుగేళ్ళకు పడింది పండు. ఊరు ఊరంతా చూస్తూ ఉండి, ఒక్కరంటే ఒక్కరు ఆ లెక్క అడగలేదే. తనూ అడగలేదే, ఈ వయసు వచ్చేదాకా.

సాయంత్రం పిల్లరు దగ్గరకు వెళ్ళాడు. పొయ్యి రాజుకుని ఉంది. సాలమ్మ రొట్టెలు చరుస్తోంది. చేతుల వేగం ఏమీ తగ్గలేదు. బండ్లు ఆపుకుని నలుగురైదుగురు నిలబడ్డారు. ఆయన పక్కన నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు. జనం పలచబడ్డాక, పెనం మీద రొట్టెను తిప్పుతూ ఆమే మొదలుపెట్టింది.

"నాలుగేండ్లు కారింది గదరా నీకు, నన్నిడిచినంక గూడ."

"అవునక్కా."

"గా నాలుగేండ్లు నీకు ముక్కుల నెత్తురు కారినప్పుడల్ల ఊరోళ్ళు నన్ను గుంజుకపోయి గుడి ముంగట నిలవెడ్తుండ్రి. నువ్వు సక్కగ ఆడుతలేవు, నీ మనసు అమ్మ మీద లేదు, అందుకే పిలగానికి తగ్గుతలేదు అని. నేను గూడ గదే అనుకున్న. నాదే తప్పు, నేనే సక్కగ లేను అని ఇంకింత ఆడిన. కాళ్ళు వగిలేదాక ఆడిన. నీకు తగ్గింది. అబ్బ, ఇగ నా మనసు సక్కగైంది, అమ్మ మెచ్చింది అనుకున్న."

మెట్రో రైలు నెత్తి మీదుగా వెళ్ళింది. అది పోయేదాకా ఆగింది.

"ఏం జరిగినా ఓర్సుకున్న తమ్మీ. ఎవడు తిట్టినా, ఎవడు గుడిసెలకొచ్చినా, కండ్లు మూస్కొని నువ్వు ఉరుకుతున్నట్టు అనుకుంటుంటి. నా తమ్ముడు ఉరుకుతున్నడు, కింద వడ్డా నెత్తురొస్తలేదు అని. నాకు ఇంకేం లేకుండె. గదొక్కటుండె. ఇయ్యాల గా డాక్టరమ్మ నవ్వుకుంట గది గూడ గుంజుకున్నది."

ఉప్పలయ్య కూచుండిపోయాడు, ఫుట్‌పాత్ మీద, పిండి డబ్బా పక్కన. "అక్కా, నన్ను గొట్టు" అన్నాడు.

"నిన్నెందుకు గొడ్త. నువ్వు గప్పుడు పోరనివి." పెనం దించింది. మంట మీద చేతులు కాచుకుంటున్నట్టు పెట్టి, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "అవ్వ గూడ ఏం జేస్తది. సచ్చిపోతున్న కొడుకు. పెద్దబిడ్డను, నేనుంటి."

ఆమె మొహం తిప్పి తమ్ముణ్ణి చూసింది. ఎవరికీ వెరవని ఆ మొహం ఒక్కసారిగా వణికింది. కింది పెదవి, చైతు ఏడవబోయే ముందు ఎలా విరుచుకుంటుందో అలా విరుచుకుంది.

"పెద్దబిడ్డ పెద్దబిడ్డ అంటరు గని, నాకు పదమూడేండ్లురా గప్పుడు."

ఉప్పలయ్యకు అక్క ఎప్పుడూ అక్కే. తనకు ఊహ తెలిసినప్పటినుంచీ పెద్దదే. తనను ఎత్తుకుంది, తుడిచింది, తనకోసం వెళ్ళింది. పదమూడేళ్ళంటే ఎంతో ఆయన ఎన్నడూ అనుకుని చూడలేదు. ఇప్పుడు అనుకున్నాడు. జడలు వేసుకుని, ఏడుపు ఆపుకుంటూ, మెడలో పసుపుతాడుతో గుడి ముందు నిలబడ్డ పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. తన నెత్తురు పెద్దవాడిది కావడానికి నాలుగేళ్ళు ఆగితే సరిపోయేది. ఆ నాలుగేళ్ళూ ఆ పిల్లకు కూడా కావలసినవే.

ఎవరో బండి ఆపి రెండు రొట్టెలు కావాలన్నారు. సాలమ్మ కదల్లేదు. రొట్టెలు లేవని చెప్పి పంపించింది ఉప్పలయ్యే. డబ్బాలో పిండి నిండుగా ఉంది. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని, తమ్ముడి కోసం కాకుండా తన కోసం, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఎలా ఊరుకోబెట్టాలో ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆమె ఏడవగా ఆయన ఎప్పుడూ చూడలేదు.